బోణీ వెనక్కి

పద్మావతి వదినగారు టీవీలో మొదటిసారి కనిపించిన సాయంత్రం మా వీధిలో చాలా ఇళ్ళలో కూరలు మాడిపోయాయి. మా ఇంట్లో మాడింది వంకాయ కూర. లోకల్ కేబుల్ ఛానల్లో వార్తలకీ పాత సినిమాకీ మధ్య వచ్చే ప్రకటనలంటే నాకు ఒళ్ళుమంట. బోర్లు వేసేవాళ్ళూ, మొలలకి మందిచ్చేవాళ్ళూ, పాత బంగారం కొనేవాళ్ళూ వరసగా మన ఇంట్లోకి వచ్చి మన మీదే అరుస్తారు. నోరు మూయిద్దామని రిమోట్ కోసం వెతుక్కుంటూ ఉంటే, పక్కింటావిడ మొహం తెరనిండా వచ్చింది. పచ్చ పట్టుచీర, రూపాయంత బొట్టు, కుడిచేతిలో పసుపు రాసిన కవరు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బొమ్మ వెనకనుంచి ఎవరిదో మగగొంతు అరుస్తోంది.

"ఐనవిల్లి మండలంలో మంచి చెయ్యి అంటే ఎవరిదో అందరికీ తెలుసు! ఆ చేతి బోణీతో మీ ముందుకొచ్చింది సుఖనిద్ర ఫైనాన్షియల్ సర్వీసెస్. అప్పుల బాధ మీకెందుకు? మీ అప్పు మాకు, మీ నిద్ర మీకు!"

ఆ చెయ్యి సంగతి ముందు చెప్పాలి. మా వైపు కొత్తగా కొబ్బరితోట వేసేటప్పుడు మొదటి మొక్క ఎవరు పడితే వాళ్ళు పెట్టరు. చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలిచి పెట్టిస్తారు. ఆ మనిషి చేతి మొక్క నిలబడితే తోటంతా నిలబడుతుందని నమ్మకం. వదినగారు కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ మామగారు సరదాకి కోడలి చేత ఒక వరస పెట్టించారట. ఆ ఏడు తుఫానుకి చుట్టుపక్కల లేతమొక్కలన్నీ కొట్టుకుపోయినా ఆవిడ వరస కదల్లేదు. అంతే, ఊరు ఆ చేతిని పట్టుకుని ఇక వదల్లేదు. తోటకి మొదటి మొక్క ఆవిడే పెట్టాలి. ఆవకాయకి మొదటి గుప్పెడు కారం ఆవిడే వెయ్యాలి. కొత్తగా కొట్టు తెరిస్తే మొదటి బేరం ఆవిడే చెయ్యాలి. పొలం ఆవిడ భర్త జనార్దన్ అన్నయ్యగారి పేరు మీద ఉంది, ఇల్లూ ఆయన పేరు మీదే. కూతురు సౌజన్య పెళ్ళి చేసుకుని కాకినాడలో ఉద్యోగం చేసుకుంటోంది. వదినగారికి తనదంటూ ఉన్నది ఆ కుడిచెయ్యి ఒక్కటే.

ఇవన్నీ నేను నమ్ముతానా అని అడిగితే, నమ్మను. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చినప్పుడు మాత్రం ఆవిడ చేతే స్విచ్ వేయించాను.

బోణీకి ఒక కట్టుబాటుంది. మొదటి బేరంలో ఇచ్చిన డబ్బు వెనక్కి అడగకూడదు, కొన్న వస్తువు తిరిగి ఇవ్వకూడదు. బోణీ వెనక్కి తీసుకున్నారంటే ఆ కొట్టు మూతపడ్డట్టే అని కొట్టువాళ్ళ భయం. తీసుకున్న మనిషి చెయ్యి ఇక మంచి చెయ్యి కాదని అందరి లెక్క. కొత్తపేటలో ఎవరో కొత్తగా ఎలక్ట్రికల్ షాపు తెరిస్తే వదినగారు వెళ్ళి మిక్సీ కొన్నారు. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే తిరగలేదు. గ్యారంటీ కార్డుంది, షాపువాడు మంచివాడు, అడిగితే చేతులు జోడించి కొత్తది ఇచ్చేవాడే. ఆవిడ అడగలేదు. దాన్ని అటకెక్కించి, ఇంకో షాపులో ఇంకో మిక్సీ కొనుక్కున్నారు. అన్నయ్యగారు నెల్లాళ్ళు సణిగారు. "బోణీ చేసిందండీ అది, ఎలా ఇచ్చెయ్యమంటారు?" అని ఆవిడ ఒక్కటే మాట. అటువంటి మనిషి అని తెలియడానికి చెబుతున్నాను.

సుఖనిద్ర వాళ్ళ మేనేజరు ఉదయ్ కిరణ్ ఈ సంగతులన్నీ ఆరా తీసే వచ్చాడు. మండపేట కుర్రాడు, మెత్తగా మాట్లాడతాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, గ్లాసు తనే కడగబోయాడు.

"అమలాపురంలో ఆఫీసు తెరుస్తున్నామండీ. మా అమ్మకి మండపేటలో గాజులకొట్టండి. బోణీ విలువ నాకు తెలుసండి. మీ చెయ్యి పడితే చాలండి అమ్మగారూ, ఇంకేం వద్దండి."

"కొట్టయితే ఏదో ఒకటి కొంటాం. మీ దగ్గర ఏం కొనాలి బాబూ?" అన్నారు వదినగారు.

"సభ్యత్వవండి. వెయ్యినూటపదహార్లు. పేదవాళ్ళ అప్పులు తీర్చే ఆఫీసండి ఇది. పుణ్యం మీకే వస్తదండి."

పుణ్యం అనే మాట దగ్గర ఆవిడ పడిపోయారు. ప్రారంభానికి కారు పంపించారు. దీపం వెలిగించి కవరు ఇస్తుంటే వీడియో తీశారు. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టమన్నారు, పెట్టేశారు. బోణీ చేసేటప్పుడు ఏదీ అడ్డుచెప్పకూడదని ఆవిడ పద్ధతి. వెళ్ళేటప్పుడు చీర పెట్టి పంపించారు. అలా ఆవిడ మా టీవీలోకి వచ్చారు.

మొదట్లో ఆవిడకి కాలు నిలవలేదు, అబద్ధం ఎందుకు? కూరగాయల బండివాడు కూడా "టీవీ అమ్మగారూ" అని పిలిచి కొసరు వేసేవాడు. ఆ పక్షం దాటేసరికి జనం రావడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి వాళ్ళో ఆటోల్లో దిగి, గేటు దగ్గర చెప్పులు విడిచి, "అక్కడ కట్టమంటారా అమ్మా?" అని అడిగేవారు. "నాకేం తెలుసండీ, నేను బోణీ చేసేను, అంతే" అని ఆవిడ అంటే, పెద్దవాళ్ళు గొప్ప చెప్పుకోరు కదా అనుకుని నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు. వెళ్ళి కట్టేసేవారు. నాకు అది మొదటినుంచీ నచ్చలేదు. అప్పులో ఉన్నవాడి దగ్గర ముందే డబ్బు తీసుకుని, ఆ తర్వాత అప్పు తీరుస్తామనేవాళ్ళు ఎటువంటివాళ్ళని అడిగాను. వదినగారు మొహం ముడుచుకున్నారు.

ఆ తర్వాత రెండో ప్రకటన వచ్చింది.

బొమ్మ పాతదే. అదే పచ్చచీర, అదే దీపం. గొంతు మాత్రం ఎవరిదో. కన్నీళ్ళు మింగుతున్నట్టుగా ఒక ఆడమనిషి మాట్లాడుతూ ఉంటే, తెర మీద వదినగారి పెదవులు కదులుతున్నాయి: "నాకు ఆరు లక్షల అప్పుండేది. చచ్చిపోదామనుకున్నాను. సుఖనిద్ర నన్ను బతికించింది. ఈ రోజు నాకు ఒక్క రూపాయి అప్పు లేదు."

ఆ సమయానికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వదినగారు చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళోంచి కింద పెట్టి, టీవీ దగ్గరికి వెళ్ళి తన మొహాన్ని తనే చూసుకున్నారు. జనార్దన్ అన్నయ్యగారు కుర్చీలోంచి లేచారు. ఆయన జీవితంలో ఎవరి దగ్గరా చేబదులు కూడా తీసుకోని మనిషి.

"మనకి అప్పా? నువ్వు చచ్చిపోదామనుకున్నావా? ఎవడే వీడు?"

"నేను అనలేదండీ... ఆ మాటలు నావి కావండీ," అన్నారు వదినగారు.

మర్నాడే దెబ్బ తగిలింది. ఎరువుల కొట్టు పెదబాబు, ముప్పై ఏళ్ళుగా పంటకి పంటకి లెక్క చూసుకునేవాడు, "ఈసారి నగదు ఇచ్చేయండి అన్నయ్యగారూ, మీ పరిస్థితి నాకు తెలవదు కదండీ" అన్నాడట. అన్నయ్యగారు ఇంటికి వచ్చి భోజనం చెయ్యలేదు. టీవీ వైరు పీకేశారు. వదినగారు ఆఫీసుకి ఫోన్ చేస్తే "సారు మీటింగులో ఉన్నారండి" అన్నారు. మళ్ళీ చేసినా అదే మాట. ఊళ్ళో సగంమంది ఆవిడకి అప్పుండేదని నమ్మేశారు. మిగిలిన సగంమంది, అంత పెద్ద అప్పు తీరిపోయిందంటే సుఖనిద్ర ఎంత మంచిదో అనుకున్నారు. రెండో రకంవాళ్ళే ప్రమాదం అని మాకు తెలిసింది సాయిదుర్గ వచ్చినప్పుడు.

సాయిదుర్గ మా వీధి చివరింటి కోడలు. మొగుడు రాజబాబు కౌలుకి వరి వేసి రెండుసార్లు ముంపుకి పోగొట్టుకున్నాడు. డ్వాక్రా అప్పు, బండి మీద ఫైనాన్సు, వారం వారం కట్టే మైక్రో ఫైనాన్సు, అన్నీ ఆ పిల్ల నెత్తిమీదే ఉన్నాయి. రెండు గేదెల పాలతో అవన్నీ లాక్కొస్తోంది. ఆ రోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఏదో పండగ కబురు చెబుతున్నట్టు చెప్పింది.

"పిన్నిగారూ, నేనూ చేరిపోతన్నానండి. సూడిగేదెకి సింహాద్రిగారు బయానా ఇచ్చేరండి, పాతికవేలు. శుక్రవారం వెళ్ళి అక్కడ కట్టేస్తానండి."

సింహాద్రి అంటే పశువుల బేరగాడు. సూడిగేదె అంటే నెల తిరిగితే ఈనబోయే గేదె. ఆ ఇంటికి రాబోయే ఏడాది అన్నం ఆ గేదె పొదుగులోనే ఉంది.

"పాతికవేలూ కడితే వాళ్ళేం చేస్తారంట?" అని నేను అడిగాను.

"అప్పుని బట్టి ముందు ఫీజు కట్టాలంటండి. అప్పులన్నిటికీ వాళ్ళే మాట్లాడతారండి, సగానికి తెగ్గొడతారంటండి. ఈలోగా వాయిదాలు కట్టద్దన్నారండి. అప్పులవాళ్ళు ఎవరైనా వస్తే సుఖనిద్ర నంబరు ఇమ్మన్నారండి." తర్వాత వదినగారి వైపు తిరిగి, "మీరు కూడా రావాలండి పిన్నిగారూ. డబ్బు మీ చేత్తో ఇప్పించాలండి. మీ చేత్తో ఇస్తే నాకూ మీకు తీరినట్టే తీరిపోద్దండి" అంది.

"నాకు అప్పు లేదే తల్లీ. ఎప్పుడూ లేదు. ఆ మాటలు నావి కావు."

సాయిదుర్గ నవ్వింది. "మాకు తెలుసులెండి. పరువుగలవాళ్ళు బయటికి చెప్పుకుంటారేటండి?"

"వద్దే దుర్గా. గేదెని అమ్ముకోకు. కట్టకు."

పిల్ల మొహంలో నవ్వు పోయింది. "మీకు తీరిపోయింది కదండీ. నాకు తీరతాదంటే ఎందుకండీ వద్దంటన్నారు?" అంది. కళ్ళు తుడుచుకుని, "మీరొచ్చినా రాకపోయినా శుక్రవారం నేను వెళ్తానండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వదినగారు గుమ్మంలోనే చతికిలబడ్డారు. ఆ మూడు రోజులూ ఆవిడ పడిన బాధ నేను చూశాను. రాజబాబుకి చెప్పి చూశారు. అతను తల వంచుకుని "ఆయ్" అన్నాడే గానీ పెళ్ళానికి అడ్డం రాలేదు. సాయిదుర్గ అత్తగారికి చెబితే, "మీ చేతి చలవండి, మా కోడలికీ మంచి రోజులొచ్చేయి" అని దణ్ణం పెట్టింది. నిజం చెబుతుంటే ఎవరికీ ఎక్కడం లేదు. టీవీలో ఆవిడ మాట, గుమ్మంలో ఆవిడ మాట రెండూ వినబడితే జనం టీవీలో మాటే పట్టుకున్నారు. నాకు ఆ పెట్టెని ఎత్తి కాలవలో పారెయ్యాలనిపించింది.

"నేను వెళ్తాను వదినా. వెళ్ళకపోతే ఒక్కత్తీ వెళ్ళి ఇచ్చేస్తుంది. ఆ మేనేజరు చేతే అందరి ముందూ చెప్పిస్తాను. మీరూ రండి," అన్నారు వదినగారు నాతో.

శుక్రవారం ముగ్గురం ఆటోలో అమలాపురం వెళ్ళాం. సాయిదుర్గ పెళ్ళినాటి చీర కట్టుకుంది. డబ్బు కవరుకి నాలుగు మూలలా పసుపు రాసి, రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. పిన్నిగారు తనతో వస్తున్నారంటే కోపం పోయి ఒప్పుకున్నట్టే అని దాని ఆనందం.

ఆఫీసు బస్టాండు దాటాక ఒక మేడ మీద ఉంది. మెట్లమీదే జనం. లోపల ప్లాస్టిక్ కుర్చీలనిండా ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో చేతిసంచులు. గోడమీద టీవీలో వదినగారు, అదే పరాయి గొంతుతో, ఆగకుండా "చచ్చిపోదామనుకున్నాను" అంటూనే ఉన్నారు. ఆవిడ లోపల అడుగుపెట్టగానే గుసగుసలు మొదలయ్యాయి. నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. ఒకావిడ వచ్చి ఆ కుడిచేతిని కళ్ళకద్దుకుంది.

ఉదయ్ కిరణ్ ఎదురొచ్చాడు. "రండి రండి అమ్మగారూ! చెప్పకుండా వచ్చేరు. చెబితే కారు పంపేవాణ్ణి కదండీ."

"ఆ యాడ్ తీసెయ్యి బాబూ. నాకు అప్పు ఎప్పుడుందీ? నేను ఆ మాటలు ఎప్పుడన్నానూ?"

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "యాడ్ అంటే అలాగే ఉంటదండి అమ్మగారూ. సబ్బు యాడ్‌లో అమ్మాయి ఇంటికెళ్ళి ఆ సబ్బే రుద్దుకుంటదేటండి? పైగా మీరు సంతకం చేసేరండి. మీ బొమ్మ ఎలాగైనా వాడుకోవచ్చని అందులో ఉందండి. నా చేతిలో లేదండి, హెడ్డాఫీసు వాళ్ళు చూసుకుంటారండి."

"పోనీ నాకు అప్పు లేదని ఇప్పుడు వీళ్ళందరికీ చెప్పు."

"తర్వాత మాట్లాడుకుందావండి," అని నవ్వుతూ సాయిదుర్గ వైపు తిరిగాడు. "మీరేనా అమ్మా ఇవాళ కొత్తగా చేరేది?"

అప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న ఒక మనిషి లేచి వచ్చింది. బక్కగా ఉంది, మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. పేరు నాగశ్రీ అని, రాజోలు నుంచి వచ్చానని చెప్పింది. ఎవరి మీదా అరవలేదు. వదినగారి ఎదురుగా నిలబడి అడిగింది.

"అమ్మా, మీకు ఎన్నాళ్ళకి తీరిందండి?"

వదినగారి చూపు గోడమీద టీవీ వైపు పోయింది.

"నేను శ్రావణంలో కట్టేనండి, పుస్తెలతాడు అమ్మి. వాయిదాలు ఆపమన్నారని ఆపేసేనండి. ఇప్పుడు వడ్డీ మీద వడ్డీ వేసేరంటండి. అప్పులవాళ్ళు రోజూ ఇంటికొచ్చి కూర్చుంటున్నారు. మా ఆయన ఇంటికి రావడం మానేసేడండి. ఇక్కడ అడిగితే ప్రాసెస్‌లో ఉందంటారు. మీ మొహం చూసి కట్టేనండి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

ఉదయ్ కిరణ్ గబగబా మధ్యలోకి వచ్చాడు. "మీ ఫైలు పైకి వెళ్ళిందని చెప్పేను కదమ్మా, కూర్చోండి, కూర్చోండి." ఆ తర్వాత గొంతు పెంచి, "ఇవాళ మన మంచి చెయ్యి అమ్మగారే స్వయంగా వచ్చి కొత్త సభ్యురాలిని చేర్పిస్తున్నారు!" అన్నాడు. ఎవరో ఫోన్ తీసి స్టాండు మీద పెట్టారు. అందులో వీడియో ఎర్రచుక్క వెలిగింది.

సాయిదుర్గ వంగి వదినగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, కవరు తీసి ఆవిడ కుడిచేతిలో ఉంచింది.

గదిలో అందరి కళ్ళూ ఆ చేతిమీదే ఉన్నాయి. కవరు సాయిదుర్గకే తిప్పి ఇచ్చేస్తే అది తన చేత్తోనే కట్టేస్తుంది. మాటతో చెబితే ఎవరూ వినరు, అది మూడు రోజులుగా చూశాం. ఇంకేముంది ఆవిడ దగ్గర? ఆవిడ కవరుని ఎడమచేతిలోకి మార్చుకున్నారు. ఖాళీ అయిన కుడిచేతిని ఉదయ్ కిరణ్ ముందు చాపారు.

"బాబూ, నా బోణీ నాకు ఇచ్చెయ్యి."

"ఏంటండీ?"

"నీ ఆఫీసు తెరిచినరోజు నేను ఇచ్చిన వెయ్యినూటపదహార్లు. నా బోణీ. వెనక్కి ఇచ్చెయ్యి."

ముందు వరసలో ఎవరో "అమ్మో!" అన్నారు. నేను, ఈ నమ్మకాలేవీ లేవని చెప్పుకునేదాన్ని, ఆవిడ మోచెయ్యి పట్టుకుని లాగాను. "వద్దు వదినగారూ, వద్దండీ. ఆ మాట అనకండి." ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు.

ఉదయ్ కిరణ్ మొహం పాలిపోయింది. ఎంతైనా గాజులకొట్టులో పెరిగిన పిల్లాడు. "అమ్మగారూ, బోణీ వెనక్కి అడుగుతారేటండి ఎవరైనా? మా అమ్మ వింటే... లోపలికి రండి, లోపల మాట్లాడుకుందాం."

"ఇక్కడిచ్చేను. ఇక్కడే ఇయ్యి."

"అలా చేస్తే మీ చెయ్యి..."

"నా చెయ్యి సంగతి నాకు తెలుసు. నువ్వు డబ్బు ఇయ్యి."

ఇవ్వనంటే అందరి ముందూ పెద్దావిడ డబ్బు నొక్కేసినట్టవుతుంది. ఇస్తే ఏమవుతుందో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. అతను జేబులోంచి రెండు అయిదువందల కాగితాలూ ఒక వందా తీశాడు. "నూటపదహార్లు, వంద కాదు," అన్నారు వదినగారు. పది దొరికింది, అయిదు దొరికింది. రూపాయి బిళ్ళ దొరకలేదు. డ్రాయర్లు లాగారు, టేబుల్ కింద వెతికారు. ఆవిడ చెయ్యి అలాగే చాపి నిలబడ్డారు. గోడమీద టీవీ వాగుతూనే ఉంది. చివరికి నాగశ్రీ కొంగుముడి విప్పి, ఒక రూపాయి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

వదినగారు మొత్తం కుడిచేత్తో తీసుకుని, కళ్ళకద్దుకోకుండా, గుప్పిట మూసుకున్నారు.

ఇందాక ఆ చేతిని కళ్ళకద్దుకున్న మనిషే మొదట లేచింది. సంచి చంకలో పెట్టుకుని, వదినగారికి తగలకుండా గోడవారగా నడిచి మెట్లు దిగిపోయింది. ఆ వెనక ఇంకొకరు. కుర్చీలు జరిగిన చప్పుడు. ఉదయ్ కిరణ్ చేతులు అడ్డం పెట్టి "అమ్మా, ఒక్క నిమిషం, అమ్మా" అంటున్నాడు. బోణీ వెనక్కి పోయిన చోట డబ్బు కట్టే ధైర్యం మా కోనసీమలో ఏ ఆడదానికీ లేదు. ఇంకో పది ప్రకటనలు వేసినా సరిచెయ్యలేని పని అది.

సాయిదుర్గ మాత్రం కదలకుండా నిలబడి ఏడుస్తోంది. "నా నోటి దగ్గర కూడు తీసేసేరండి," అంది వదినగారితో.

వదినగారు కవరు దాని చేతికి ఇచ్చారు. "ఇది నీది. కడతానంటే ఇప్పుడు కట్టుకో, నీ చేత్తో. నా చెయ్యి ఇంక ఎవరికీ ఉపయోగపడదు."

పిల్ల కవరు వైపు చూసింది, ఉదయ్ కిరణ్ వైపు చూసింది, కిటికీ దగ్గర నిలబడ్డ నాగశ్రీ మెడలోని పసుపుతాడు వైపు చూసింది. తర్వాత కవరు జాకెట్లో దోపుకుని మాకంటే ముందు మెట్లు దిగింది. ఆటోలో మా పక్కన కూర్చోలేదు, డ్రైవరు పక్కన కూర్చుంది. సాయంత్రం సింహాద్రికి బయానా తిరిగి ఇచ్చేస్తే, తిప్పలు పెట్టినందుకని పైన ఇంకో వెయ్యి రూపాయలు పుచ్చుకున్నాడట.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. సంక్రాంతి లోపే సుఖనిద్ర ఆఫీసుకి తాళం పడింది. ఉదయ్ కిరణ్ ఫోన్ పనిచెయ్యడం లేదు. కట్టినవాళ్ళు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు, వదినగారు నాగశ్రీని వెంటబెట్టుకుని వెళ్ళి తన సంతకం సంగతంతా చెప్పి వచ్చారు. డబ్బు ఎవరికీ తిరిగి రాలేదు. సాయిదుర్గ గ్రూపు లీడరుతో కలిసి బ్యాంకుకి వెళ్ళి వాయిదాలు చిన్నవి చేయించుకుంది. అప్పు అలాగే ఉంది, కడుతోంది.

ఊరు వదినగారిని మెచ్చుకుందని మీరు అనుకుంటే మా ఊరు మీకు తెలియనట్టే. పైకి అందరూ మంచిపని చేశారనే అన్నారు. కానీ ఆ ఏడు మా ఊరి రైతు ప్రసాద్ గారు కొత్తతోట వేసినప్పుడు మొదటి మొక్క పెట్టడానికి ముక్తేశ్వరం నుంచి ఎవరినో తీసుకొచ్చారు. వదినగారి గేటు ముందునుంచే మొక్కల ట్రాక్టరు వెళ్ళింది. ఆవిడ అరుగు మీద కూర్చుని చూశారు. ఆవకాయల రోజుల్లో ఒక్క జాడీ కూడా ఆ ఇంటికి రాలేదు. నేను కావాలని మా జాడీ పట్టుకెళితే, "ఎందుకు వదినా, ఏడాదంతా తినాల్సింది" అని మూత తియ్యకుండానే పంపేశారు. నాకు ఆ రోజు ఊరందరి మీదా వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. వెనక్కి వచ్చిన డబ్బు ఆవిడ ఖర్చు పెట్టలేదు. అటకమీద ఆ తిరగని మిక్సీ జారులో వేసి ఉంచారు.

గేదె ఎప్పుడో ఈనిందని విన్నాం. సాయిదుర్గ ఆ శుక్రవారం నుంచీ వదినగారితో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే తల వంచుకుని వెళ్ళిపోయేది. మొన్న రెండో గేదె కూడా ఈనింది. తెల్లారాక, మేమిద్దరం జామచెట్టు కింద కాఫీ తాగుతుంటే వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె.

"పిన్నిగారూ, రండి. తొలిపాలు పితకాలండి. మొదటి ధార మీరు తియ్యాలి."

వదినగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "నా చెయ్యి పోయిందే తల్లీ. ఊరందరికీ తెలుసు కదా. ఇంకెవరినైనా పిలుచుకో."

సాయిదుర్గ గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"మా పాకలో రెండు గేదెలున్నాయండి," అంది. "ఎవరి చెయ్యి పోబట్టి ఉన్నాయండీ అవి?"

వదినగారు లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని దాని వెంట వెళ్ళారు.